నేను చదవకుండా వదిలేసిన వార్త

నా గొంతు బాగుంటుందని నాకు చిన్నప్పటి నుంచి గర్వం. ఆ గర్వమే ఒక ఇంటి ఎద్దుల్ని అమ్మించింది. ఆ ఇల్లు మా అక్కది.

పందొమ్మిది వందల అరవైల్లో ముదిగుబ్బ దగ్గర ఒక చిన్న ఊళ్లో నేను బడిపంతులుగా ఉండేవాణ్ణి. మా అక్కను ఇచ్చింది ఆ ఊరికే. బావ పోయిన తర్వాత ఆమెకు ఐదెకరాల చేను, రెండు ఎద్దులు మిగిలాయి. ఒకటి ఎర్రది, ఒకటి బూడిదరంగుది. పిల్లలు లేని మనిషి, వాటిని దూడలప్పటి నుంచి చేత్తో మేపి పెంచుకుంది. నేనూ ఆమె ఇంట్లోనే తిని, అక్కడే ఉండేవాణ్ణి.

ఊరంతటికీ ఒకటే పేపరు. నిన్నటి పేపరు ఇవాళ మధ్యాహ్నం బస్సులో వచ్చేది. సాయంత్రం బడి అరుగు మీద కూర్చుని నేను పైకి చదివేవాణ్ణి. ఎండాకాలం, పొలంలో పని లేదు. రైతులు, గొర్రెలు తోలుకొచ్చినవాళ్లు, కూలికి పోయి వచ్చినవాళ్లు చుట్టూ చేరేవారు. "ఏమప్పా అయివారూ, ఈపొద్దు ఏం రాసినారు?" అని అడిగేవారు. అయివారంటే మా వైపు పంతులు.

వాళ్లకు ఏది కావాలో నాకు తొందరగానే తెలిసింది. ఎక్కడో కాలువ తవ్వుతున్నారని చదివితే ఒకడు బీడీ ముట్టించేవాడు, ఇంకొకడు తుండు దులుపుకుని లేచేవాడు. పక్క జిల్లాలో గడ్డి లేక పశువులు చస్తున్నాయని చదివితే ఒక్కడూ కదిలేవాడు కాదు. అంతకు ముందు రెండేళ్లు సరైన వానల్లేవు. భయం అందరి కడుపులోనూ ఉండనే ఉంది. నేను దాన్ని రోజూ సాయంత్రం కాస్త కాస్త రాజేశాను.

నేను అబద్ధం చదవలేదు. ఇన్నేళ్లుగా నాకు నేను చెప్పుకుంటూ వచ్చిన మాట ఇదే. పెద్దక్షరాల్లో ఉన్నదాన్ని గొంతు తగ్గించి, ఆగి ఆగి చదివేవాణ్ణి. లోపలి పేజీల్లో చిన్నగా ఉన్నవాటిని వదిలేసేవాణ్ణి. వాటికోసం ఎవరు కూర్చుంటారు? పేపరువాళ్లు కూడా ఇదే లెక్కతో అచ్చు వేస్తారేమోనని అప్పుడు తోచలేదు. వాళ్లకు కొనేవాళ్లు కావాలి, నాకు వినేవాళ్లు కావాలి.

ఒకరోజు మొదటి పేజీలో, ఈ ఏడు కూడా వానలు ముఖం చాటేస్తాయని ఎవరో పెద్దమనిషి భయపడుతున్నట్టు వేశారు. లోపల, ఒక మందు ప్రకటన కింద, పడమటి తీరాన వానలు మొదలయ్యాయని, త్వరలో ఇటు కూడా వస్తాయని నాలుగు వరుసలున్నాయి. వాటిని కళ్లతో చదివాను, నోటితో చదవలేదు. ఆ రోజు అరుగు చాలక జనం వీధిలో నిలబడ్డారు. ఊపిరి బిగబట్టి విన్నారు. అది నాకెంత బాగుందో చెప్పుకోవాలంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

నేను ఇంటికి వెళ్లేసరికి ఆ కబురు అక్కకు చేరిపోయింది. అన్నం పెడుతూ అడిగింది.

"ఏమిరా, నిజంగానే వానలు రావంటనా? గడ్డివామి నెల దినాలకు గూడ చాలదు. ఎద్దుల్ని ఏం చేద్దాం?"

ఆ నాలుగు వరుసల సంగతి అప్పుడే చెప్పి ఉండొచ్చు. చెబితే, అందరి ముందూ ఎందుకు చదవలేదని అడుగుతుంది. "అందరూ అమ్ముతాండారక్కా. మనమూ అమ్మేద్దాం" అన్నాను.

సంతకు నేనే తోలుకుపోయాను. ఎటు చూసినా ఎద్దులే, కొనేవాళ్లు మాత్రం లేరు. మా దగ్గర పశువుల బేరం నోటితో సాగదు. దళారి తుండుగుడ్డ కింద మన చెయ్యి అందుకుని, వేళ్లు నొక్కి ధర చెబుతాడు. అతను నొక్కిన వేళ్లను బట్టి అది సగం ధర. చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"మళ్లీ యాడికి తోలుకపోతావప్పా? మూడేండ్లు వాన సుక్క పడదంట. పేపర్లో ఏసినారంట. ముదిగుబ్బ పక్కన ఎవరో అయివారు సదివినాడంట" అన్నాడు.

ఆ అయివారు నేనేనని అతనికి తెలియదు. మూడేళ్లని నేను ఎన్నడూ చదవలేదు. అది నాకంటే బాగా తెలిసినవాడు భూమ్మీద లేడు. అయినా పరాయి మనిషి నోట వినేసరికి ఏమో, నిజమేనేమో అనిపించింది. నేను పుట్టించిన భయానికి నేనే బెదిరిపోయి, తుండు కింద మళ్లీ చెయ్యి పెట్టాను.

మర్నాడు పొద్దున అక్క అలవాటు కొద్దీ కుడితి కలిపి కొట్టం దాకా తీసుకుపోయింది. ఎద్దుల్ని కట్టేసే గూటాలు ఖాళీగా ఉండడం చూసి, కుండ అక్కడే దింపేసి, వచ్చి పొయ్యి ముందు కూర్చుంది. ఆ మర్నాడూ అలాగే కలిపింది. నాకు పట్టపగలు, పిల్లలకు ఎక్కాలు చెబుతుండగా ఎద్దుల మెడగంటలు వినిపించేవి. బయటికి వచ్చి చూస్తే దారి బోసిగా ఉండేది. ఆ గంటలు ఈ వయసులోనూ నన్ను వదలలేదు. ఎక్కడైనా రేడియోలో వార్తలు మొదలైతే మాటలకంటే ముందు అవే వినిపిస్తాయి.

ఇరవై రోజులు తిరక్కుండానే వాన పడింది. చేలు తడిసి ముద్దయ్యాయి. వేరుశనగ విత్తడానికి ఆ పదను నాలుగైదు రోజులే ఉంటుంది. ఎద్దులు మిగిలింది ఏడెనిమిది ఇళ్లల్లోనే. వాళ్ల చేలల్లో పని అయ్యేసరికి మా చేలో తడి ఆరిపోతుంది. వాన పడినందుకు జనం ఏడవడం నేను ఆ ఊళ్లోనే చూశాను.

అక్క మాత్రం ఏడవలేదు. విత్తనాల బుట్ట నెత్తిన పెట్టుకుని చేనుకు నడిచింది. నేను పార పట్టుకుని వెనకే వెళ్లాను. నేను వంగి సాలు తీస్తే, ఆమె గింజలు వేసి కాలితో మట్టి కప్పేది. నాలుగు రోజులు తవ్వాం. నా అరచేతులు బొబ్బలెక్కి చిట్లాయి. ఐదెకరాల్లో ఒక మూల మాత్రమే అయింది. నాలుగో రోజు మధ్యాహ్నం అక్క గుప్పెడు మట్టి తీసి పిసికి చూసింది. పొడిపొడిగా వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. బుట్టలో విత్తనాలు ఇంకా సగానికి పైనే ఉన్నాయి. ఇక ఆ ఏడు ఆమె ఊరివాళ్ల చేలల్లో కూలికి పోవాల్సిందేనని ఇద్దరికీ తెలిసిపోయింది.

గట్టు మీద కూలబడి, నా చేతులు తన ఒళ్లోకి లాక్కుని చెంగుతో మట్టి తుడిచింది.

"ఊరంతా అమ్ముకునింది గదరా, మనమొకరమేనా? నువ్వేం చేస్తావు? పేపర్లో ఉండేది ఉండేటట్లు సదివినావు. అంతే గదా?"

ఆ తర్వాత ఆమె పోయేదాకా ఆ నాలుగు వరుసల సంగతి చెప్పడానికి ఎన్నో ఏళ్లున్నాయి, ఎప్పుడూ నోరు రాలేదు. ఆ రోజు మాత్రం ఆమె నా మొహంలోకి చూస్తూ జవాబు కోసం ఆగింది.

"అవునక్కా" అన్నాను.