ఆఖరి పిడికెడు బియ్యం

మొన్న మా అన్న కామారెడ్డి నుంచి బస్సు దిగి వచ్చాడు. చేతిలో పాత చేట ఉంది. కాళ్లు కూడా కడుక్కోకుండా అరుగు మీద కూర్చుని, "అత్త పోయింది చెల్లె" అన్నాడు. వానలకు దారి తెగి నాలుగు రోజులు మా ఎల్లారెడ్డికి బస్సు రాలేదు. ఈలోగా దహనం కూడా అయిపోయింది. ఆఖరి చూపు నాకు దక్కలేదు.

ఆమె మా నాన్నకు అక్క. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె ఒళ్లో చేట ఉండేది. ఆమె చెరిగితే పొట్టు గాలికి పోయేది, నూకలు ఒక పక్కకు, బియ్యం ఒక పక్కకు చేరేవి. నల్లరాళ్లు కంటికి దొరుకుతాయి. బియ్యం రంగులో కలిసిపోయిన తెల్లరాళ్లకు మాత్రం గాలింపే దిక్కు. బియ్యంలో నీళ్లు పోసి, గిన్నెను మెల్లగా ఊపుతూ ఇంకో గిన్నెలోకి వంచేది. బియ్యం నీళ్లతో జారిపోయేవి, బరువైన రాళ్లు అడుగున మిగిలేవి. రాయి గిన్నెకు తగిలే చప్పుడు కోసం చెవి వంచి వినేది. అప్పుడు ఎవరైనా పలకరిస్తే కసురుకునేది. "మాటలు గూడ చెరుక్కోని మాట్లాడాలె" అని నన్ను ఎన్నిసార్లు అందో. పెళ్లిళ్లు వస్తే మాచారెడ్డి నుంచి కూడా బియ్యం బాగుచేయడానికి ఆమెను పిలిపించుకునేవారు.

నాకు గాలించడం నేర్పిన రోజు ఆమె గట్టిగా చెప్పింది ఒక్కటే. "ఆఖరి పిడికెడుకు ఆశపడకు బిడ్డా. రాయి గా పిడికెట్లనే ఉంటది. గది కోళ్లకు ఎయ్యి."

యుద్ధం వచ్చి బియ్యం ప్రియమైన రోజుల్లో నన్ను చూడడానికి ఎల్లారెడ్డి నుంచి వచ్చారు. అంతకుముందే ఒక సంబంధం తప్పిపోయి అమ్మ బెంగ పెట్టుకుని ఉంది. ఆ పూట బియ్యం నేనే గాలించాను. అడుగున పిడికెడు బియ్యం తెల్లగా మెరుస్తూ కనిపించాయి. పారేయడానికి చేయి రాలేదు. ఎసట్లో వేసేశాను.

భోజనాల దగ్గర పిల్లవాడి తండ్రి పంటి కింద పటుక్కుమంది. ఆయన ముద్ద పక్కన పెట్టి, బియ్యం ఎవరు గాలించారని అడిగాడు. తలుపు చాటు నుంచి అత్త గొంతు వినిపించింది.

"నేనే అయ్యా. కండ్లు ఆనుతలేవు."

ఆయన నవ్వేసి పెరుగు వేయించుకున్నాడు. సంబంధం కుదిరింది.

మరునాటి నుంచి ఇంట్లో ఆమెకు బాగుచేయడానికి బియ్యం ఇవ్వడం మానేశారు. పెద్దదానివయ్యావు, ఇక కూర్చో అన్నారు. ప్రేమగానే అన్నారు. మెల్లగా పెళ్లిళ్ల పిలుపులు కూడా ఆగిపోయాయి. పెళ్లయ్యాక మొదటిసారి పుట్టింటికి వెళ్తే, ఆమె గోడకు ఆనుకుని ఉత్త చేతులతో కూర్చుని ఉంది. నాన్నకు నిజం చెప్పేస్తానన్నాను.

"ఊకో. నీకు ఇల్లయింది. గంత చాలదా?" అంది.

చాలదని తెలిసీ ఊరుకున్నాను. ఊరుకోవడమే నాకు హాయిగా ఉండింది, దాచేదేముంది. మా ఆయన కొలువు మీద ఊళ్లు తిరుగుతారు. పలకరించే మనిషి లేక ఈ ఇంట్లో పొద్దంతా ఒక్కదాన్నే కూర్చున్నప్పుడు ఆ ఉత్త చేతులే కళ్లముందుకు వచ్చేవి. ఈసారి వెళ్లినప్పుడు చెప్పేద్దాం అనుకునేదాన్ని. వెళ్లి, చెప్పకుండానే తిరిగి వచ్చేదాన్ని.

ఆమె చేత బియ్యం బాగుచేయించుకున్న ఇండ్లవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వారికి చెబుతున్నాను. ఆ రాయి నాది. ఆమె కళ్లు బాగానే ఉండేవి.

అన్న వెళ్లిపోయాక, అతను తెచ్చిన అత్త చేట ఒళ్లో పెట్టుకున్నాను. మెంతులు, కాగితాలు నానబెట్టి రుబ్బి ఏటేటా దానికి పూత పూసేది, సందుల్లోంచి గింజ జారకుండా. ఈ ఏడు కూడా పూసింది. పూత మీద ఒక్క గింజ గీసిన గీత కూడా లేదు. ఇంకా మెంతుల వాసన వస్తోంది.