అప్పన్న జుట్టు

మేముండేది జంషెడ్‌పూర్ సీతారాండేరాలో. మూడేళ్ల క్రితం నాకు విషజ్వరం వస్తే, అమ్మ నా తలనీలాలు సింహాద్రి అప్పన్నకు మొక్కుకుంది. మొక్కు తీరేదాకా జుట్టుకు కత్తెర తగలకూడదని మా ఇంటి నియమం.

నాదేమో రింగుల జుట్టు. కాలేజీలో అందరూ ‘నూడుల్స్’ అని ఏడిపించేవారు. కత్తెర వద్దన్నారు గానీ క్రీము వద్దనలేదు కదా అని, అమ్మ గోవింద్‌పూర్‌లో పెద్దమ్మ ఇంటికెళ్లిన వారం, సాక్చిలో ఓ పార్లర్‌కెళ్లి రింగులు పోయేలా జుట్టు సాఫు చేయించుకున్నాను.

మూడోరోజు తలస్నానం చేస్తుంటే జుట్టు గుప్పిళ్లుగా చేతిలోకి వచ్చేసింది. నడినెత్తిన వేలు పెడితే బోడిగా తగిలింది. దేవుడి సొత్తు పాడుచేశాను, ఆ జ్వరం మళ్లీ వస్తుందేమోనని భయం పట్టుకుంది. అంతలో స్నానాలగది తలుపు చప్పుడు. అమ్మ తిరిగొచ్చేసింది.

“ఏటే, ఇంతసేపు ఏటి చేత్తన్నావు?”

“ఆ రహీ హూ, మా... వస్తన్నాను” అన్నాను. గడియ తీశాను.

అమ్మ నా తల చూసింది, నేల చూసింది. తిట్టలేదు. వంగి, తూము దగ్గర చిక్కుకున్న జుట్టంతా ఏరి పాత గుడ్డలో మూట కట్టింది.

“ఇదీ కొండకి అట్టుకెల్దుం. అప్పన్న జుట్టడిగాడు గానీ, సాపు జుట్టు అడిగాడేటే?”

ఆ నెలలోనే మొక్కు తీర్చాం. ఇప్పుడు జుట్టు జానెడు పెరిగింది, మళ్లీ రింగులే. కుంకుడురసంతో రుద్దుకుంటూ ఒక్క వెంట్రుక చేతికొచ్చినా ఆనాటి భయం గుర్తొస్తుంది. ఈ జుట్టు ఎవరికీ మొక్కింది కాదు, నాదే. అయినా దేవుడి సొత్తులాగే చూసుకుంటున్నాను.