టార్చిలైటు బ్యాటరీలతో పాడిన పెద్దాయన

మా చిన్నప్పుడు... సెలవు రోజైన శుక్రవారం మధ్యాహ్నం అయ్యేసరికి దోహాలో, ఫరీజ్ బిన్ మహమూద్‌లోని మా రెండు గదుల ఫ్లాట్‌లో రాక్ అండ్ రోల్ మీద యుద్ధం మొదలయ్యేది. నమ్మరు కదా? హాల్లో చాప, మధ్యలో చేపల పులుసు డేకిసా, చుట్టూ తెలుగువాళ్ళు... వాదన మాత్రం ఎక్కడో అమెరికాలో ఈ పాటలు మొదలుపెట్టినవాళ్ళలో అసలు మొదటివాడెవడు అని!

దీనికంతటికీ కారణం ఒక ఇంగ్లీషాయన. నాన్నతో పాటు కంపెనీలో పనిచేసి, దేశం వదిలి వెళ్తూ అట్టపెట్టెడు కేసెట్లు నాన్న చేతిలో పెట్టాడు. అన్నీ తొలినాళ్ళ రాక్ అండ్ రోల్ పాటలే. ఇంట్లోకొకటి, కారులోకొకటి చొప్పున ఆయనే రికార్డు చేసుకున్నవి. చాలావాటి మీద పేర్లు లేవు.

పేర్లు లేకపోతేనేం... మేమే పెట్టుకున్నాం. నిలబడి పియానో బాదుతాడని ఇంగ్లీషాయన చెప్పినవాడు 'పియానో బావ'. గిటారు పట్టుకుని చర్చిలో పాడినట్టు గొంతెత్తే ఆవిడ 'గిటారక్క'. అమ్మ ఓటు ఎప్పుడూ గిటారక్కకే.

అసలు పోటీ మాత్రం ఇద్దరి మధ్యే. ఓబులేసు మామది కడప. అల్ రయ్యాన్‌లో ఒక ఖతరీ ఇంట్లో డ్రైవరు. గంగారాం కాకది జగిత్యాల వైపు. రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంట్‌లో పరంజాలు కట్టే పని. ఇద్దరూ ఆ పెట్టెలోంచి తలా ఒక పేరులేని కేసెట్ తీసుకున్నారు. చిత్రంగా రెండింటిలోనూ అవే పాటలు! కాకపోతే మామ కారులో పాడేవాడిది కుర్రగొంతు, ఒకటే ఉరుకులు. కాక టేప్‌రికార్డర్‌లో పాడేవాడిది బరువైన గొంతు... నింపాదిగా, ఎవరి కోసమూ తొందరపడని మనిషి.

"నీ పోరడు మా పెద్దాయన పాటలన్నీ ఎత్తుకపోయిండు" అనేవాడు కాక.

"యాడిది బ్బీ! మావోడు పాడి పేరు తెచ్చుకున్యాక, మీ ముసలాయప్ప ఆయాసపడతా పాడినాడు" అనేవాడు మామ.

"మా గిటారక్క స్టేజీ ఎక్కేనాటికి మీవాళ్ళిద్దరూ పలకా బలపం పట్టుకుని ఉంటార్లే, పులుసు చల్లారిపోతోంది, తినండి" అనేది అమ్మ, గుంటగరిటె ఝళిపిస్తూ.

కాక టేప్‌రికార్డర్ గురించి చెప్పాలి. మూత ఊడిపోతుందని రబ్బరు బ్యాండు బిగించి పెట్టేవాడు. అందుకే అందులోని కేసెట్ ఎన్నడూ బయటికి రాలేదు. బ్యాటరీలేమో సైట్‌లో టార్చిలైట్లలోంచి తీసి పారేసినవి. వాటిని తాను ఉండే లేబర్ క్యాంప్ డాబా మీద ఎండబెట్టి మళ్ళీ వేసేవాడు. మామ కేసెట్ కారు దిగేది కాదు, మేమే కిందికి వెళ్ళి వినేవాళ్ళం.

ఒక శుక్రవారం వాదన ముదిరింది. "మీ ముసలాయప్ప మొదటోడు కాదు బ్బీ... దొంగ!" అనేశాడు మామ.

కాక చెయ్యి కడిగేసుకున్నాడు. "డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు సాపి ఆయన పాట ఇంటే, ఇంటి పెద్దమనిషి పక్కన కూసున్నట్టు ఉంటది నాకు. ఆయనను దొంగ అంటవా? నువ్వున్న కాడికి నేను రాను పో" అని లేచి వెళ్ళిపోయాడు. కోపంలో టేప్‌రికార్డర్ కూడా మా ఇంట్లోనే మర్చిపోయాడు.

మరుసటి శుక్రవారం కాక రాలేదు. ఆ పైవారమూ రాలేదు. బిస్కెట్ల డబ్బా మీద దరువు వేస్తూ నా చేత చిందులు వేయించే మనిషి లేకపోతే అది శుక్రవారమే కాదు నాకు. బెంగ పుట్టి కాక టేప్‌రికార్డర్ నొక్కాను. బ్యాటరీలు పూర్తిగా చచ్చిపోయాయి. రబ్బరు బ్యాండు తీసి, ఆ కేసెట్‌ను మా ఇంట్లో కరెంటుతో నడిచే టేప్‌రికార్డర్‌లో వేశాను.

కుర్రాడు పాడాడు!

"నాన్నా!" అని నేను పెట్టిన కేకకు అమ్మ చేతిలో పాలగిన్నె జారిపోయింది.

నాన్న క్యాంప్‌కి ఫోన్ చేసి, నీ టేప్‌రికార్డర్ తీసుకెళ్ళమని కాకను రప్పించాడు. మామనూ కారులోని కేసెట్‌తో సహా పిలిచాడు. ఒకరికొకరు ఎడమొహం పెడమొహంగా కూర్చుంటే, రెండు కేసెట్లూ ఒకదాని తర్వాత ఒకటి కరెంటు మీద వినిపించాడు. అదే గొంతు, అవే ఉరుకులు. నీరసించిన బ్యాటరీలు టేపును నెమ్మదిగా తిప్పి, ఇన్నాళ్ళూ కుర్రాణ్ణి ముసలాయన్ని చేశాయి!

మామ పొట్ట పట్టుకుని నవ్వాడు. అమ్మా నాన్నా నవ్వారు. కాక మాత్రం నవ్వలేదు.

"అంటే... మా పెద్దాయన లేనే లేడా?" అన్నాడు మెల్లగా.

నాకు ఏడుపొచ్చేసింది. కాకను వెనక్కి తెద్దామనుకుంటే, కాక దగ్గరున్న మనిషిని నేనే మాయం చేశాను.

మామ నవ్వు ఆగిపోయింది. కిందికి వెళ్ళి, కారులో పడి ఉన్న, వెలిగిస్తే మిణుకుమిణుకుమనే పెద్ద టార్చిలైటు పట్టుకొచ్చాడు. అందులోని బ్యాటరీలు తీసి కాక టేప్‌రికార్డర్‌లో వేశాడు. కేసెట్ పెట్టి, మూతకు రబ్బరు బ్యాండు బిగించి నొక్కాడు.

బరువైన గొంతుతో, నింపాదిగా... పెద్దాయన పాడటం మొదలుపెట్టాడు.

"ఉండాడు కద బ్బీ" అన్నాడు మామ. "ఈయప్పే మొదటోడు. మావోడు ఈయప్ప కొడుకనుకో."

కాక మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. కాసేపటికి చెయ్యి బిస్కెట్ల డబ్బా కోసం వెతికింది. నేను పరుగున తెచ్చిచ్చాను.

ఇప్పుడు నేనూ దోహాలోనే ఉద్యోగం చేస్తున్నాను. కాక, మామ ఎప్పుడో ఊళ్ళకు వెళ్ళిపోయారు. ఆ గాయకుడి పేరు, ఊరు, ఫోటో అన్నీ ఫోన్లోనే దొరికాయి. మొదటివాడు ఎవరన్నది మాత్రం జనం ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు... మా ఇంట్లో అయితే ఎప్పుడో తేలిపోయింది!

మీ ఇంట్లోనూ ఇలా నీరసపు బ్యాటరీలు పుట్టించిన గాయకులు ఉండే ఉంటారు... కింద రాయండి, కాకకు ఫోన్లో చదివి వినిపిస్తాను.

మొన్న ఆ పాట వింటుంటే ఫోన్ ఛార్జింగ్ ఒక శాతానికి పడిపోయింది. ఆశగా చెవి దగ్గర పెట్టుకున్నాను... చివరిదాకా కుర్రాడే పాడాడు. పెద్దాయన రాలేదు.