లిస్టు మేడమ్

బడిలో అందరూ ఆమెను లిస్టు మేడమ్ అంటారు. పై చదువులకు ఏయే కాలేజీలకు దరఖాస్తు పెట్టాలో పిల్లలతో కూర్చుని రాయించడం ఆమె పని. ఎప్పుడూ పెన్సిలే వాడుతుంది. కాలేజీలను మూడు రకాలుగా రాయిస్తుంది: అదృష్టం కలిసొస్తే దొరికేవి, మార్కులకు తగినవి, తప్పకుండా సీటిచ్చేవి. మాట్లాడుతున్నంతసేపూ పెద్దల ముఖాలకన్నా పిల్లల చేతుల్నే ఎక్కువగా చూస్తుంది.

ఆ రోజు కూతురితో వచ్చిన ఒక తండ్రి రాసి తెచ్చిన ఎనిమిది పేర్లూ మొదటి రకానివే. గడువు ఆ సాయంత్రమే. "వీటిలో ఒక్కటీ రాకపోతే?" అందామె. "శుభమా అని దరఖాస్తు పెడుతుంటే అవేం మాటలండీ!" అంటూ ఆయన విసురుగా లేచి తలుపు దాకా వెళ్లాడు. కూతురి గోళ్లు కొరికి కొరికి ఎర్రబడి ఉన్నాయి. మేడమ్ పెన్సిల్‌ను ఆ పిల్ల ముందుకు జరిపింది. ఆ పిల్ల కాగితం అడుగున ఊళ్లోని చిన్న కాలేజీ పేరు రాసింది.

"అందులో ఏముందే?" అన్నాడు తండ్రి.

"నాకు సీటుంది నాన్నా. నువ్వు చెప్పినవాటికీ పెడతా. ఇది మాత్రం కొట్టెయ్యకు."

ఆయన తలుపు దగ్గర్నుంచి వెనక్కి వచ్చి కూర్చుని, "అలాంటిది ఇంకోటి కూడా చూడండి మేడమ్" అన్నాడు.