ఇంటికి తీసుకెళ్లాల్సిన జీపు

గన్నవరం అవతల బురదలో జరిగే జీపు పోటీలకు అన్నయ్య చల్లపల్లి నుంచి జీపును తోలుకునే వెళ్లేవాడు. దారంతా ఆ మొరటు టైర్ల మోత. తీరా గెలిచే సమయానికి లోతైన గుంట కనిపిస్తే ఆపేసేవాడు.

"ఇంటికి దీంట్లోనే వెళ్లాలి కదరా" అనేవాడు. నాకు ఒళ్లు మండేది.

ఒక ఏడాది పోరు పెట్టి లారీ మాట్లాడించాను. దాన్ని కాలవగట్టుకు ఆనించి, గట్టు మీంచి జీపును ఎక్కించాం.

ఆ రోజూ గుంట ముందు ఆగి అన్నయ్య నావైపు చూశాడు.

"లారీ ఉందిగా అన్నయ్యా, పోనీయ్!" అని అరిచాను.

జీపు తిరగబడింది. అన్నయ్య నడుం విరిగింది. జీపును మాత్రం లారీ ఇంటికి చేర్చింది.

ఇన్నేళ్లలో అన్నయ్య ఆ లారీ మాట ఒక్కసారీ ఎత్తలేదు. ఎత్తి, నన్ను నాలుగు తిడితే బాగుండును.