రత్నమ్మక్క గంజు మూత

పొయ్యి మీద బెల్లం, చింతపండు కలిసి చిక్కబడుతున్న వాసన. కోడలు సునీత ఆ పాకాన్ని దించి పక్కన పెట్టింది. కొత్తగా కొన్న స్లో కుక్కర్‌లో పొట్టేలు పక్కటెముకలు పేర్చి, మీట నొక్కి, తుర్కపల్లి వెళ్ళే కంపెనీ క్యాబ్ కోసం చెప్పులు వేసుకుంది. "దాని పని అదే చేసుకుంటది మామయ్యా. మీరు దగ్గర కూసునే పని లేదు" అంది. నాకు ఒళ్ళు మండింది. పక్కన మనిషి లేకుండా ఉడికేది కూడా ఒక కూరేనా? ఆ కోపం వెంటే రత్నమ్మక్క గుర్తొచ్చింది.

గౌడవెల్లిలో ఆమెది మా పక్కిల్లు. చర్చిలో ప్రేమవిందు అంటే గరిటె ఆమె చేతిలోనే ఉండేది. నేను బడి ముఖం చూడలేదు. పొట్లం కాగితాలు, బస్సు బోర్డులు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. అలా నేర్చినవాడికి అందరూ తప్పు చేస్తున్నట్టే కనిపిస్తారు. అందుకే ఆమె నన్ను ఎప్పుడూ ఆటపట్టించేది. "ఏం జడ్జిసాబ్, ఇయ్యాల ఎవరికి శిక్ష ఏసినవ్?"

ఒక ఏడు ఎండాకాలంలో మా నాయిన పోయాడు. నేను మేడ్చల్‌లో ఫ్యాక్టరీ డ్యూటీలో ఉన్నాను. కబురు గేటు దాటి లోపలికి రానేలేదు. షిఫ్టు దిగి వచ్చేసరికి సమాధి మీద మట్టి ఇంకా తడిగా ఉంది. కడసారి ముఖం చూడనివ్వలేదని మా అన్న దానియేలుతో ఆ రోజే మాట మానేశాను. చర్చిలో అన్న ఈ వరుసలో కూర్చుంటే నేను ఆ వరుసలో కూర్చునేవాణ్ణి. పాస్టరుగారు నచ్చజెప్పబోతే ఆయనతోనే వాదన పెట్టుకున్నాను.

క్రిస్మస్ వచ్చింది. మా చర్చిలో విందు మాంసాన్ని పెద్ద గంజులో వేసి, మూత అంచు చుట్టూ గోధుమపిండి ముద్ద పూసి, సన్నని నిప్పుల మీద వదిలేస్తారు. ఆవిరి ఎక్కడ పిండిని చీల్చుకుని వస్తే అక్కడ మళ్ళీ పూయాలి. అందుకని పిండి పూసినవాడు మూత తీసేదాకా లేవకూడదు. రత్నమ్మక్క పిలిచి పిండి చేతికిస్తే, నాకు గౌరవం దక్కిందనుకున్నాను. సగం పూశానో లేదో, "దానేలూ, గా పక్క నువ్వు పుయ్యి" అని అన్నను కేకేసింది.

"అక్కా, నేను లేస్త" అన్నాను.

"లే. ఊరందరికీ ఉడకని బొక్కలు వెట్టినోనివైతవ్."

"ఎంతసేపు?"

"ముదురు పొట్టేలు. నీ లెక్కనే గట్టిది. జల్దీ ఉడకది."

చేతులు దులుపుకుని వెళ్ళిపోయింది. మేమిద్దరం గంజుకు చెరో పక్క కూర్చున్నాం. ఆవిరి వచ్చిన చోటల్లా ఎవరి వైపు వాళ్ళం పిండి పూశాం. చివరికి అన్న నిప్పులనే చూస్తూ అన్నాడు.

"నాయిన పెట్టెకు మూత ఎయ్యనియ్యలే నేను. గేటు కాడికి మనిషిని పంపిన. మల్ల పంపిన. ఎండకు ఇగ ఆగదు, లేపుండ్రి అన్నరు అందరు. నువ్వొస్తవని పొద్దుగూకెదాంక ఆ మూత వట్టుకొనే నిలవడ్డ."

నా వైపు పిండి చీలి ఆవిరి బుసకొడుతోంది. నాకు కనిపించలేదు. అన్నే చెయ్యి చాపి పూశాడు. "పొద్దున ఏమన్న తిన్నవా?" అని అడిగాను. ఎండాకాలం తర్వాత అన్నతో నేనన్న మొదటి మాట అదే.

రత్నమ్మక్క వచ్చి మా ఇద్దరి చేతా పిండి గీకించింది. ఎముక పట్టుకుంటే మాంసం జారిపోతోంది. బెల్లం పాకం పోసి కుదిపితే ముక్కలు నిగనిగలాడాయి. మొదటి ముక్క నా చేతిలో పెట్టి, "ఏమాయె జడ్జిసాబ్, కేసు కొట్టేసినవా?" అంది.

ఆమె ఇప్పుడు లేదు. ఆ గేటు మీద నా కోపం ఇంకా అలాగే ఉంది, దాన్ని ఎవరు చెప్పినా వదలను. కానీ నా అన్న నాకు మిగిలాడు. చదువు నాకు నేనే చెప్పుకున్నాను, కూర్చోవడం మాత్రం ఆమె నేర్పింది.

సునీత క్యాబ్ వెళ్ళగానే కౌకూర్‌లో ఉన్న అన్నకు ఫోన్ చేసి, స్లో కుక్కర్ పక్కన రెండు కుర్చీలు వేశాను. అన్న వచ్చి, వంగి గాజు మూతలోంచి చూశాడు.

"ఎంతసేపు వడ్తదిరా?"

"పొద్దుగూకెదాంక."

అన్న కుర్చీలో వెనక్కి వాలాడు. "వట్టనీ" అన్నాడు.