జెట్ విమానం కింద నిమ్మకాయలు

ఆ రోజుల్లో (రాజుల కాలం అనుకునేరు, మొన్నమొన్ననే) నేను వైమానిక దళం వారి జెట్ విమానం నడిపాను. దాని చిట్టచివరి ప్రయాణం నా చేతుల మీదుగానే జరిగింది. మేఘాలు, ఉరుములు, ప్రాణాపాయం అన్నీ ఉన్న వీరగాథ ఇది, సర్దుకుని కూర్చోండి. కూర్చున్నారా? అయితే చిన్న సవరణ. మేఘాలు లేవు. విమానానికి ఇంజనూ లేదు. నేల మీంచి అంగుళం లేస్తే ఒట్టు.

దిల్‌సుఖ్‌నగర్ దాటాక, సైనికాధికారుల పరీక్షలకు తయారుచేసే ఓ కోచింగ్ సెంటర్లో నాది మొదటి ఉద్యోగం. ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. ఇంకా పర్మనెంట్ కాలేదు (మీర్‌పేట్‌లో మా అమ్మ మాత్రం అయిపోయిందని బంధువులందరికీ చెప్పేసింది). తరాల తరబడి కుర్ర పైలట్లకు ఎగరడం నేర్పిన పాత శిక్షణ విమానాలు అప్పుడే రిటైరవుతున్నాయి. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మా డైరెక్టర్‌గారు ఎవరెవరిని పట్టుకున్నారో గాని, ఒకటి ట్రైలర్ మీద వచ్చి దిగింది. విడిగా వచ్చిన రెక్కల్ని ఆవరణలోనే బిగించారు. ఆవరణ గేటు వైపు వాలుగా ఉంటుంది కాబట్టి చక్రాల కింద బండరాళ్లు పెట్టారు. "అబ్బాయ్, ప్రారంభోత్సవం నీ మీద పెడుతున్నా. సవ్యంగా జరిగిందా, నువ్వు పర్మనెంటు. తేడా వచ్చిందా, దాంతోపాటు నువ్వూ రిటైరు" అన్నారు డైరెక్టర్‌గారు.

ఆ రోజు తల్లిదండ్రులందరూ కుర్చీల్లో కూర్చున్నారు. పంతులుగారు విమానం ముక్కుకి బొట్టు పెట్టి, దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టమన్నారు. "విమానానికి కూడానా స్వామీ?" అన్నాను. "చక్రాలున్నాయా, లేవా?" అన్నారాయన. వంగి లెక్కపెట్టాను, మూడున్నాయి. "లోపల ఎవరన్నా కూర్చుని చెయ్యి ఊపితే బాగుంటదోయ్, నువ్వెక్కు" అన్నారు డైరెక్టర్‌గారు. ఎక్కాను. మీటర్లన్నీ పీకేశారు, బొక్కలే మిగిలాయి. కింద వాచ్‌మన్ తాత, అడ్డంగా ఉన్నాయని బండరాళ్లు తీసేసి, సరిగ్గా వాటి స్థానంలో నిమ్మకాయలు పెట్టాడు. "పరేషాన్ గాకు బిడ్డా, జరంతనే నూకుతరు" అన్నాడు.

హాస్టల్ పిల్లలు వెనకనుంచి తోశారు. నిమ్మకాయలు తమ ధర్మం తాము నిర్వర్తించాయి. ఆ తర్వాత విమానం తన ధర్మం మొదలుపెట్టింది. వాలు మీద వస్తువు ఎలా జారుతుందో ముందురోజే పాఠం చెప్పాను, ఈ పిల్లలకే. "బ్రేకెయ్! బ్రేకెయ్!" అని డైరెక్టర్‌గారు పక్కనే పరుగు. కాలికి తగిలినవన్నీ తొక్కాను. ఒకటి ఊడి దొర్లిపోయింది. గేటుకి అడ్డంగా కట్టిన ఫ్లెక్సీలో నవ్వుతున్న డైరెక్టర్‌గారి మీసాన్ని చీల్చుకుని ముక్కు రోడ్డెక్కింది. రెక్కలు రెండు గేటు స్తంభాలకూ తట్టుకుని ధడేల్మని ఆగింది. ట్రాఫిక్ మొత్తం ఆగింది. సంచీ పట్టుకున్న ఒకాయన తలెత్తి, "అన్నా, ఎల్బీనగర్ పోతదా?" అన్నాడు.

"లేదన్నా, గీడిదాంకనే."

వెనక చప్పట్లు! తల్లిదండ్రులు ఇదీ కార్యక్రమంలో భాగమే అనుకున్నారు. ఆయాసపడుతూనే డైరెక్టర్‌గారు మైకందుకుని, "చూశారుగా, మా దగ్గర అన్నీ ప్రాక్టికల్‌గానే!" అన్నారు. సాయంత్రం గదిలోకి పిలిచారు. "నిన్ను తీసేస్తే అది ప్రమాదమని ఒప్పుకున్నట్టే. ఉంచితే క్లాసులో పిల్లలు నవ్వుతారు" అంటూ చిరిగిన ఫ్లెక్సీ మడతపెట్టారు. "పర్మనెంటేలే. కానీ పాఠాలొద్దు. ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జివి."

మా అమ్మ బంధువులకు 'విమానాల సెక్షన్' అని చెప్పింది. ఆ రోజు తల్లిదండ్రుల్లో ఎవరో ఫోన్లో తీసిన వీడియో ఇప్పటికీ ఎవరో ఒకరు నాకు పంపుతుంటారు. విమానం జారుతోంది, జనం అరుస్తున్నారు, లోపల బిక్కమొహం వేసుకున్న ఆ కుర్రాడు మాత్రం చెప్పిన పని కదా అని, కడదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. వాణ్ణి చూస్తే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది.

ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జి అంటే, పొద్దున్నే మా సెంటర్ బస్సుల టైర్లలో గాలి చూడాలి. నేను మాత్రం ముందు వాటి కింద బండరాళ్లున్నాయో లేదో చూస్తాను.